మూడోసారి కారుతున్న క్రాంక్ బ్యాక్ సీల్: హన్మకొండ, 1.2 పెట్రోలు

హన్మకొండ_హ్యాచ్‌బ్యాక్ · జూలై 6, 2025, రాత్రి 9:40

అందరికీ నమస్తే. 2014 మోడల్ చిన్న కారు, 1.2 పెట్రోలు, నాలుగు సిలిండర్లు, మీటరు 91,000 దాటింది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే చర్చంతా "అది అమ్మేసి ఇంకోటి కొను" దగ్గరే తిరుగుతుంది.

ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట కింద నుంచి ఆయిల్ కారుతోంది. మొదటిసారి 2023 సెప్టెంబర్‌లో, 78,000 దగ్గర. గేర్‌బాక్స్ దింపి క్రాంక్ బ్యాక్ సీల్ (క్రాంక్ షాఫ్ట్ వెనక కొస చుట్టూ ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు) మార్చారు. పదకొండు నెలలు బాగానే ఉంది. 2024 ఆగస్టులో 84,500 దగ్గర మళ్ళీ అదే చోట. ఈసారి వేరే షెడ్డు, మళ్ళీ గేర్‌బాక్స్ దించుడు, మళ్ళీ కొత్త సీల్. లేబర్, సీల్, ఆయిల్ కలిపి ఒక్కోసారి ఏడున్నర వేల పైమాటే. ఇప్పుడు మూడోసారి.

రోజూ నయీంనగర్ నుంచి కాజీపేట ఆఫీసుకు పోయి వస్తాను, మొత్తం 14 కిలోమీటర్లు. నెలకోసారి అమ్మాయి కోసం హైదరాబాద్. మెకానిక్ "ఈసారి గమ్ కొట్టి వేస్తా సార్, కదలదు" అంటున్నాడు. నాకు మాత్రం రెండుసార్లు విప్పిన చోటే మూడోసారి విప్పించాలంటే మనసు రావడం లేదు. ఏం చూడాలి ముందు?

మంచిర్యాల_మైలేజ్ · జూలై 6, రాత్రి 9:58

అన్నా, 90 వేలు దాటిన ఇంజిన్‌కి ఇంకా 5డబ్ల్యూ-30 లాంటి పలచటి ఆయిల్ ఏంది? 20డబ్ల్యూ-50 పోయండి. చిక్కటి ఆయిల్ సందుల్లోంచి రాదు. నా పాత బండికి అదే పోశాను, రెండేళ్ళు నడిచింది. లేదంటే లీక్ ఆపే సీసా ఒకటి దొరుకుతుంది, ఆయిల్‌లో కలపడమే.

ఖని_ఫిట్టర్ · జూలై 6, రాత్రి 10:21

మంచిర్యాల అన్నా, కోపం తెచ్చుకోకు, ఆ సలహా ఇక్కడ పనికి రాదు. బ్యాక్ సీల్ దగ్గరికి పంపు ప్రెషర్ రాదు. మెయిన్ బేరింగ్‌లోంచి బయటపడ్డ ఆయిల్ అక్కడ చిందుతుంది, కిందికి ఛాంబర్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి జారిపోతుంది. సీల్ పని ఆ చిందిన ఆయిల్‌ని తుడిచి లోపలికే నెట్టడం. అక్కడ ఆయిల్ చిక్కగా ఉందా పలచగా ఉందా అనేది పెద్ద లెక్క కాదు. పైగా పొద్దున చల్ల ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు చిక్కటి ఆయిల్ పైకి ఎక్కడానికి టైం పడుతుంది, క్యామ్‌కి దెబ్బ. సీసా మందు రబ్బరును ఉబ్బిస్తుంది. కొన్ని నెలలు ఆగినట్టు అనిపిస్తది, తర్వాత రబ్బరు మెత్తబడి మొదటికే వస్తది.

హన్మకొండ సార్, ముందు ఒక్క మాట చెప్పండి. కారేది బ్యాక్ సీలే అని ఎవరు తేల్చారు? ఎట్ల తేల్చారు?

హన్మకొండ_హ్యాచ్‌బ్యాక్ · జూలై 6, రాత్రి 10:30

కింద పడుకుని టార్చ్ వేసి చూసి "బ్యాక్ సీలే" అన్నారు. రెండుచోట్లా అంతే.

ఖని_ఫిట్టర్ · జూలై 6, రాత్రి 10:52

అదే అనుకున్న. కింద తడి ఉంటే కిందే కారుతున్నట్టు కాదు. టాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) గాస్కెట్ వెనక మూల నుంచి కారినా ఇంజిన్ గోడ వెంట జారి అక్కడికే వచ్చి చుక్క కడుతుంది. ఆయిల్ ప్రెషర్ స్విచ్ కారినా అంతే. గేర్‌బాక్స్ ముందు సీల్ కారినా అదే రంధ్రం నుంచి బయటికి వస్తది. నేను ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ల మీద పని చేస్తా. అక్కడ ఇంజిన్ మీద బొగ్గు దుమ్మూ ఆయిలూ కలిసి అట్టు కట్టి ఉంటది. కడగకుండా లీక్ వెతకడమంటే చీకట్లో నల్ల పిల్లిని వెతికినట్టే.

జర ఓపిక పట్టి ఇట్ల చేయండి. డీజిల్, బ్రష్షు పెట్టి ఇంజిన్ వెనక వైపు, బెల్ హౌసింగ్ (ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోటి డొప్ప), ఛాంబర్ అంచు మొత్తం కడిగించండి. ఆరనివ్వండి. తర్వాత టాల్కం పౌడర్ తెల్లగా కనబడేంత చల్లండి. ఇరవై కిలోమీటర్లు నడిపి వచ్చి చూస్తే పౌడర్ ఎక్కడ తడిసిందో అక్కడే మూలం. రాత్రికి కింద అట్ట పెట్టండి. చుక్కను వేలికి రాసుకుని వాసన కూడా చూడండి, గేర్ ఆయిల్‌కి గంధకం లాంటి ఘాటు ఉంటది, ముక్కు పట్టేస్తది.

జనగామ_జీపు · జూలై 6, రాత్రి 11:15

నా జీపు కింద ఆయిల్ కారకపోతేనే నాకు టెన్షన్. లోపల ఆయిల్ అయిపోయిందేమో అని.

హన్మకొండ_హ్యాచ్‌బ్యాక్ · జూలై 9, రాత్రి 8:47

చేశాను. వాన వల్ల రెండు రోజులు ఆలస్యమైంది. భద్రకాళి గుడిలో శాకంబరీ ఉత్సవాలు కదా, ఆ ట్రాఫిక్‌లో ఇరవై కిలోమీటర్లకు గంటంపావు పట్టింది.

పౌడర్ చల్లడం చూసి మా ఆవిడ "కారుకు కూడా చెమటకాయలు వచ్చాయా" అంది. ఫలితం: టాపెట్ కవర్ వెనక మూల పొడి. ప్రెషర్ స్విచ్ పొడి. ఛాంబర్ అంచు పొడి. బెల్ హౌసింగ్ అడుగున ఉన్న చిన్న రంధ్రం దగ్గర మాత్రం పౌడర్ ముద్దలా తడిసింది. రంగు గోధుమ, ఘాటు వాసన లేదు. అంటే ఇంజిన్ ఆయిలే. పాపం మెకానిక్‌లు తప్పు చెప్పలేదు, సీలే కారుతోంది.

ఇంకో సంగతి గమనించాను. ఊళ్ళో తిరిగిన రోజు అట్ట మీద రెండు మూడు చుక్కలు. పోయిన నెల హైదరాబాద్ వెళ్ళి వచ్చిన రాత్రి మాత్రం చిన్న ప్లేటంత మరక. హైవే మీద వేడెక్కి ఆయిల్ పలచబడుతుంది కాబట్టేనా?

కరీంనగర్_స్పేర్స్ · జూలై 9, రాత్రి 9:20

కౌంటర్‌లో పదహారేళ్ళ నుంచి సీల్స్ అమ్ముతున్నాను. మళ్ళీ మళ్ళీ కారే సీల్‌కి నేను అడిగే మొదటి ప్రశ్న: ఏ సీల్ వేశారు, ఎట్లా వేశారు?

బ్యాక్ సీల్ రెండు రకాలు. ఒకటి రబ్బరు పెదవి ఉండి వెనక సన్నటి స్ప్రింగ్ చుట్టి ఉండేది. దానికి పెదవి మీద కొంచెం ఆయిల్ రాసి వేయాలి, పొడిగా వేస్తే మొదటి నిమిషంలోనే పెదవి కాలుతుంది. రెండోది టెఫ్లాన్ పెదవిది, స్ప్రింగ్ ఉండదు, పెట్టెలో ప్లాస్టిక్ రింగు మీద ఎక్కించి వస్తుంది. దీనికి ఆయిలూ గ్రీజూ ఏమీ తగలకూడదు. పొడిగా ఎక్కించాలి, ఆ పెదవి షాఫ్ట్ మీద సన్నటి పొర పూస్తుంది, ఆ పొరే దాని బలం. వేశాక నాలుగు గంటలైనా ఆగి స్టార్ట్ చేయాలి. మన దగ్గర చాలామంది ఆ ప్లాస్టిక్ రింగును ముందే తీసి పారేస్తారు, పెదవి లోపలికి మడత పడుతుంది, పైగా గ్రీజు పూస్తారు.

షెడ్డు_తాత · జూలై 9, రాత్రి 10:05

పొడిగా సీల్ వేయడం నేను ఎక్కడా వినలేదు బాబూ. కాజీపేట రైల్వే డీజిల్ షెడ్డులో 31 ఏళ్ళు పని చేసి రిటైర్ అయ్యాను. ఏ సీల్ అయినా ఆయిల్ రాసే వేశాం.

కరీంనగర్_స్పేర్స్ · జూలై 9, రాత్రి 10:18

తాతా, మీ కాలం సీల్స్ అన్నీ తోలు, రబ్బరు. వాటికి మీరు చేసిందే కరెక్ట్. టెఫ్లాన్‌ది వేరు. పెట్టెలో కాగితం మీదే రాసి ఉంటుంది, ఎవరూ చదవరు.

షెడ్డు_తాత · జూలై 9, రాత్రి 10:44

సరే, ఆ కాగితం నేను చదవలేదు. నువ్వు చెప్పింది గుర్తు పెట్టుకుంటాను.

నాకు అసలు డౌటు వేరే చోట ఉంది. హన్మకొండ బాబూ, హైవే మీద ఆయిల్ పలచబడి కారుతుందని రాశావు. హన్మకొండ, కాజీపేట మధ్య మే నెల ఎండలో ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు కూడా ఇంజిన్ వేడిగానే ఉంటుంది కదా. హైవే మీద అదనంగా ఉండేది లోడు. లోడు మీద పిస్టన్ రింగుల పక్క నుంచి కిందికి దిగే గ్యాస్ పెరుగుతుంది. ఆ గ్యాస్ బయటికి పోవడానికి దారి ఉండాలి. దారి లేకపోతే లోపల గాలి బిగుస్తుంది, దొరికిన చోట నుంచి ఆయిల్‌ని తోసుకుంటూ బయటపడుతుంది. సీల్ పెదవి లోపలి స్ప్రింగ్ ఎంత బలమనుకున్నావు? వేలితో సాగదీస్తే సాగుతుంది.

మా షెడ్డులో డబ్ల్యూడీఎం-2 ఇంజిన్లు, పదహారు సిలిండర్లు, 2,600 గుర్రాలు. వాటి క్రాంక్‌కేస్‌లో, అంటే క్రాంక్ తిరిగే కింది గదిలో, గ్యాస్ లాగేయడానికి విడిగా ఒక ఎగ్జాస్టర్ మోటారే ఉండేది. అది సరిగా లాగకపోతే ఎన్ని గాస్కెట్లు మార్చినా ఇంజిన్ ఒళ్ళంతా ఆయిల్ చెమటే. అందుకని ముందు యూ ఆకారం గొట్టంలో నీళ్ళు పోసి లోపల వాక్యూమ్ ఉందా లేదా చూసేవాళ్ళం. ఆ తర్వాతే స్పానర్ ముట్టుకునేది.

నీ కారులో ఆ పని చేసేది పీసీవీ వాల్వ్. అది ఎప్పుడన్నా చూశారా?

పరకాల_పత్తి · జూలై 10, పొద్దున 6:12

తాత చెప్పింది నిజం. మా ట్రాక్టర్ బ్రీదర్ పైపులో కందిరీగ మట్టి గూడు పెట్టింది. తెలియక ఫ్రంట్ సీల్ రెండు మార్చినం. గూడు తీసినంక మూడోది ఇప్పటికీ ఉన్నది.

హన్మకొండ_హ్యాచ్‌బ్యాక్ · జూలై 10, రాత్రి 9:02

పీసీవీ ఎవరూ చూడలేదు. అసలు ఆ మాటే ఎవరూ ఎత్తలేదు. ఈరోజు నేనే తీశాను, టాపెట్ కవర్ మీద ఇంటేక్ వైపు ఉంది. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గలగలమనాలని ఎక్కడో చదివాను. గలగల లేదు, చప్పుడే లేదు. తిప్పి చూస్తే తారు పోసినట్టు నల్లగా బిగుసుకుపోయింది.

ఆయిల్ పోసే మూత కింద తెల్లటి నురగ కూడా ఉంది, మజ్జిగ మీద మీగడ లాగా. హెడ్ గాస్కెట్ పోయి కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందేమోనని గుండె ఆగినంత పనైంది. కూలెంట్ మాత్రం తగ్గడం లేదు.

ఇది కూడా చెప్పాలి. రెండు మూడుసార్లు బానెట్ తీస్తే డిప్‌స్టిక్ అరంగుళం పైకి లేచి కనబడింది. సర్వీసు వాళ్ళు సరిగా నొక్కలేదేమో అనుకుని నొక్కేశాను.

ఖని_ఫిట్టర్ · జూలై 10, రాత్రి 9:15

డిప్‌స్టిక్ లేవడమా! ఇది మొదటి పోస్టులో రాయాల్సింది సారూ.

నురగకు కంగారు వద్దు. ఏడు కిలోమీటర్లు పోయి ఆపితే ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. లోపలి చెమ్మ ఆవిరై పోవాలి, పోయే దారేమో మూసుకుపోయింది, అక్కడే ఆయిల్‌తో కలిసి నురగ కట్టింది. ఆ చెమ్మ, మసి కలిసే పీసీవీని కూడా పట్టేసింది.

షెడ్డు_తాత · జూలై 10, రాత్రి 9:50

పీసీవీ మూసుకుంటే కూడా ఇంకో దారి ఉంటుంది. టాపెట్ కవర్ నుంచి ఎయిర్ ఫిల్టర్ డబ్బాకు లావు రబ్బరు పైపు పోతుంది, బ్రీదర్. మామూలుగా అందులోంచి మంచి గాలి లోపలికి వస్తుంది. పీసీవీ పని చేయకపోతే గ్యాసు ఆ పైపులోనే వెనక్కి నడుస్తుంది, ఆయిల్ తుంపరను మోసుకుంటూ. అప్పుడు ఎయిర్ ఫిల్టర్ ఆయిల్‌తో తడవాలి. డిప్‌స్టిక్‌ను లేపేంత గాలి బిగిసిందంటే ఆ రెండో దారి కూడా పని చేయడం లేదు.

నీ ఎయిర్ ఫిల్టర్ ఎట్లా ఉంది?

హన్మకొండ_హ్యాచ్‌బ్యాక్ · జూలై 10, రాత్రి 10:03

పొడిగా శుభ్రంగా ఉంది తాతా. 2023 ఎండాకాలంలో మాత్రం ఫిల్టర్‌లో ఆయిల్ పడేది. అప్పట్లో మెకానిక్ ఏదో సెట్ చేశాడు, ఆ తర్వాత ఎప్పుడూ పడలేదు.

షెడ్డు_తాత · జూలై 10, రాత్రి 10:09

2023 ఎండాకాలంలో ఫిల్టర్‌లో ఆయిల్ ఆగింది. 2023 సెప్టెంబర్‌లో సీల్ కారడం మొదలైంది.

ఆ "సెట్" చేయడం ఏమిటో పొద్దున్నే చూడు. పైపు రెండు కొసలూ ఊడదీసి చూడు.

హన్మకొండ_హ్యాచ్‌బ్యాక్ · జూలై 11, పొద్దున 7:31

తాతా, మీకు దండం.

పైపు బయటి నుంచి చూస్తే ఏ లోపమూ లేదు. క్లిప్పులు రెండూ బిగించి ఉన్నాయి. టాపెట్ కవర్ వైపు కొస దగ్గర వేళ్ళతో పిసికితే రబ్బరు లోపల ఏదో గట్టిగా తగిలింది. క్లిప్పు వదులు చేసి లాగితే తపుక్కున చిన్న చప్పుడు. లోపల ఒక బోల్టు. దాని చుట్టూ సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, పైపులోకి తోసి, పైన మళ్ళీ క్లిప్పు బిగించాడు. బోల్టు తల మీద జిగురు జిగురుగా నల్లటి మడ్డి. ఫిల్టర్‌లో ఆయిల్ పడకుండా "సెట్" చేయడమంటే ఇదన్నమాట.

రెండేళ్ళ నుంచి ఈ ఇంజిన్ ఊపిరి బిగబట్టి నడుస్తోంది.

జనగామ_జీపు · జూలై 11, పొద్దున 7:48

బోల్టు ఎన్ని నంబరు? నా జీపుకు ఒకటి తక్కువుంది.

కరీంనగర్_స్పేర్స్ · జూలై 11, పొద్దున 8:30

ఇట్లాంటిది నేను ఇంతకు ముందు ఒక్కసారి చూశాను, అప్పుడు చెక్క బిరడా. ఆ మెకానిక్‌ను తిట్టి లాభం లేదు. కస్టమర్ ఫిల్టర్‌లో ఆయిల్ అని వచ్చాడు, ఫిల్టర్‌లో ఆయిల్ లేకుండా చేసి పంపించాడు.

షెడ్డు_తాత · జూలై 11, పొద్దున 9:10

బోల్టు వెంటనే తీసేయకు. తీయకముందు కొలత ఒకటి ఉండాలి, లేకపోతే రేపు బాగైందని దేన్ని బట్టి చెప్తావు?

ఇల్లు కట్టే మేస్త్రీల దగ్గర లెవెల్ చూసుకునే పారదర్శకమైన పైపు ఉంటుంది. అది రెండు గజాలు తీసుకో. యూ ఆకారంలో పలక మీద కట్టి సగం దాకా నీళ్ళు పోయి, కనబడటానికి కొంచెం పసుపు కలుపు. ఒక కొస డిప్‌స్టిక్ గొట్టంలో బిగుతుగా పట్టేట్టు పెట్టు, రెండో కొస గాలికి వదిలేయ్. నీళ్ళ మట్టం డిప్‌స్టిక్ గొట్టం కన్నా బాగా కిందకి ఉండాలి, ఇంజిన్ లోపలికి ఒక్క చుక్క పోకూడదు. ఇంజిన్ వేడెక్కాక నీళ్ళు ఎటు కదులుతాయో చూడు. ఇంజిన్ వైపుకు కొంచెం లాగితే లోపల వాక్యూమ్, మంచిది. బయటికి తోస్తే ప్రెషర్.

హన్మకొండ_హ్యాచ్‌బ్యాక్ · జూలై 13, మధ్యాహ్నం 1:20

పక్క వీధిలో ఇల్లు కడుతున్నారు, అక్కడి మేస్త్రి దగ్గర పైపు అరువు తెచ్చాను. ఎందుకని అడిగితే "కారు లెవెల్ చూడాలి" అన్నాను, వింతగా చూశాడు.

బోల్టు ఉండగా, ఐడ్లింగ్‌లో: రెండు వైపుల నీళ్ళకు ఆరు అంగుళాల తేడా, బయటికి తోస్తూ. యాక్సిలరేటర్ 2,500 దాకా లేపగానే నీళ్ళు పైపులోంచి ఎగిరి నా చొక్కా మీద పడ్డాయి. పసుపు నీళ్ళు. పెళ్ళికొడుకును చేసినట్టే అయింది.

బోల్టు తీసి, పైపు మామూలుగా పెట్టాక: ఐడ్లింగ్‌లో రెండంగుళాల లోపు. ఇంకా తోస్తూనే ఉంది, కానీ ఎగరలేదు.

బోల్టు తీసి, కొత్త పీసీవీ వేశాక: నీళ్ళు మెల్లగా ఇంజిన్ వైపుకు పాకాయి. అరంగుళం అనుకోండి. 2,500 దగ్గర కూడా బయటికి రాలేదు.

ఖని_ఫిట్టర్ · జూలై 13, మధ్యాహ్నం 2:05

మంచిగుంది. రెండు పనులు మిగిలినయ్. టాపెట్ కవర్ లోపల ఆయిల్ తుంపరను ఆపే రేకు అర ఉంటది, బ్రీదర్ దారి దాంట్లోంచే. అది మడ్డితో నిండి ఉంటే కొత్త పీసీవీని కూడా ఆర్నెల్లలో మింగేస్తది. కవర్ విప్పి రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టి గాలి కొట్టించండి. గాస్కెట్ కొత్తది వేయండి.

రెండోది కంప్రెషన్ (సిలిండర్లలో గాలి ఎంత బిగుస్తుందో) చూపించండి. రింగులే పోయి ఉంటే గ్యాసు ఎక్కువ దిగుతది, అప్పుడు పీసీవీ ఒక్కటి సరిపోదు.

హన్మకొండ_హ్యాచ్‌బ్యాక్ · జూలై 16, రాత్రి 9:33

కంప్రెషన్: 172, 168, 170, 165 పీఎస్ఐ. అరలోంచి వచ్చిన మడ్డి చిన్న టీ గ్లాసుడు. కవర్ శుభ్రం చేసి, ఆయిల్, ఫిల్టర్ మార్చి బిగించాం.

ఇప్పుడు అసలు ప్రశ్న. సీల్ కూడా ఇప్పుడే మార్చాలా, ఆగి చూడాలా?

ఖని_ఫిట్టర్ · జూలై 16, రాత్రి 9:41

కంప్రెషన్ సమానంగానే ఉంది, రింగుల మీద అనుమానం లేదు. నా మాటైతే ఆగండి. 500 కిలోమీటర్లు నడపండి, ఒక హైదరాబాద్ ట్రిప్పు కలిపి.

కరీంనగర్_స్పేర్స్ · జూలై 16, రాత్రి 10:12

నేను ఒప్పుకోను. ఇన్ని నెలలు ప్రెషర్‌లో బయటికి తిరగబడ్డ పెదవి మళ్ళీ తన షేపుకు రాదు. ఎట్లాగూ మార్చాలి, ఇప్పుడే మార్చండి.

షెడ్డు_తాత · జూలై 16, రాత్రి 10:35

సీల్ అమ్మేవాడు మార్చమనే అంటాడు. (నవ్వుకో బాబూ, నవ్వులాటకే అన్నాను.) 500 నడిపి చూస్తే పోయేదేముంది? ఆయిల్ మట్టం రోజూ చూసుకో, అంతే.

హన్మకొండ_హ్యాచ్‌బ్యాక్ · జూలై 26, రాత్రి 8:15

540 కిలోమీటర్లు అయ్యాయి. అట్ట మీద మరక ప్లేటంత నుంచి రెండు చుక్కలకు వచ్చింది, అదీ హైదరాబాద్ వెళ్ళి వచ్చిన రాత్రి. ఊళ్ళో తిరిగినప్పుడు ఏమీ లేదు. అంటే తాతా రైటే, స్పేర్స్ అన్నా రైటే.

ఆ ట్రిప్పులోనే ఇంకోటి బయటపడింది. భువనగిరి దాటాక ఓవర్‌టేక్ చేస్తుంటే ఇంజిన్ అరుస్తోంది కానీ బండి ముందుకు పోవడం లేదు. క్లచ్ జారుతోంది, ప్లేటుకు ఆయిల్ పట్టింది. కాబట్టి గేర్‌బాక్స్ దించక తప్పదు. ఈ వారంలో చేయిస్తున్నాను. నేను పక్కనే కూర్చుంటాను. ఏమేం చూసుకోవాలో చెప్పండి.

కరీంనగర్_స్పేర్స్ · జూలై 26, రాత్రి 9:00

పాత సీల్ తీసేముందు స్కేలు పెట్టి అది ఎంత లోతులో కూర్చుందో కొలవండి, నాలుగు చోట్ల. ఒకవైపు లోతుగా ఒకవైపు పైకి ఉంటే వంకరగా కొట్టినట్టు. తీసేటప్పుడు స్క్రూడ్రైవర్ షాఫ్ట్‌కు తగలకూడదు, అక్కడ ఒక్క గీత పడితే కొత్త సీల్ కూడా గోవిందా.

తీశాక క్రాంక్ మీద సీల్ పెదవి తిరిగిన చోట శుభ్రంగా తుడిచి గోరుతో అడ్డంగా గీకి చూడండి. కంటికి మెరుపు గీత కనబడినా గోరుకు తగలకపోతే పర్వాలేదు. గోరు ఆగితే అక్కడ గాడి పడింది. అప్పుడు రెండు దారులు: హౌసింగ్‌లో చోటు ఉంటే కొత్త సీల్‌ను ఒక మిల్లీమీటరు ముందుకో వెనక్కో కూర్చోబెట్టడం, పెదవి కొత్త చోట తిరుగుతుంది. చోటు లేకపోతే షాఫ్ట్ మీద సన్నటి స్టీల్ తొడుగు ఎక్కించడం. దాని మందం పావు మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, సీల్ సైజు మార్చనక్కర్లేదు.

గమ్ మాట మర్చిపోండి. హౌసింగ్ ఛాంబర్‌తో కలిసే మూలల్లో కంపెనీ చెప్పిన చోట తప్ప గమ్ వద్దు. పెదవికి ఎండిన గమ్ ముక్క తగిలితే బ్లేడు తగిలినట్టే.

షెడ్డు_తాత · జూలై 26, రాత్రి 9:24

ఫ్లైవీల్ ఊడదీసినప్పుడే క్రాంక్‌ను ముందుకూ వెనక్కూ నెట్టి ఆట ఎంత ఉందో డయల్ గేజ్ పెట్టించు. షాఫ్ట్‌ను అటూ ఇటూ జరగకుండా పట్టే థ్రస్ట్ బేరింగ్ అరిగి ఉంటే క్లచ్ తొక్కినప్పుడల్లా షాఫ్ట్ జరుగుతుంది, సీల్ నిలవదు. ఫ్లైవీల్ బోల్టుల మరలకు కూడా లీక్ ఆపే సీలెంట్ పూయించు. కొన్ని ఇంజిన్లలో ఆ బోల్టు రంధ్రాలు లోపలికి తెరుచుకుని ఉంటాయి, మరల వెంట ఆయిల్ వస్తుంది. చూసేవాళ్ళు సీల్ అనుకుంటారు.

హన్మకొండ_హ్యాచ్‌బ్యాక్ · జూలై 31, రాత్రి 10:10

నిన్న అయిపోయింది. స్టూలు వేసుకుని పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా షెడ్డులోనే. మెకానిక్‌కు మొదట ఇబ్బందిగా అనిపించింది, మధ్యాహ్నానికి తనే పిలిచి చూపించడం మొదలుపెట్టాడు.

క్రాంక్ ఆట 0.14 మిల్లీమీటరు, బాగుందన్నారు. పాత సీల్ లోతు నాలుగు వైపులా సమానమే, స్ప్రింగ్ చోటులోనే ఉంది. అంటే పోయినసారి వేసినాయన సరిగ్గానే వేశాడు, అనవసరంగా ఇన్నాళ్ళు తిట్టుకున్నాను. పెదవి మాత్రం ఒకవైపు బయటికి ఒరిగి గట్టిపడింది, వేలితో నొక్కితే అప్పడంలా ఉంది.

షాఫ్ట్ మీద గాడి ఉంది. గోరు ఆగింది. సన్నటి గాడే, కానీ చుట్టూతా. తొడుగు కోసం చూడకుండా సీల్‌ను ఒక మిల్లీమీటరు బయటికి కూర్చోబెట్టాం, హౌసింగ్‌లో చోటుంది. కొత్త సీల్ టెఫ్లాన్‌ది, ప్లాస్టిక్ రింగుతో వచ్చింది. మెకానిక్ అలవాటుగా గ్రీజు డబ్బా తీశాడు. నేను పెట్టెలోని కాగితం చేతికిచ్చాను. బొమ్మ చూసి, డబ్బా పక్కన పెట్టి, షాఫ్ట్‌ను పొడిబట్టతో మళ్ళీ తుడిచాడు. పంచ్‌తో కొట్టకుండా సీల్ సైజుకు సరిపోయే పాత బేరింగ్ రింగు అడ్డం పెట్టి కొద్దికొద్దిగా దించాడు. రాత్రంతా అలాగే వదిలేసి పొద్దున స్టార్ట్ చేశాం.

క్లచ్ సెట్టుతో కలిపి పదకొండు వేల చిల్లర.

మంచిర్యాల_మైలేజ్ · ఆగస్టు 1, పొద్దున 7:05

ఇది చదివాక నిన్న నా బండి పీసీవీ తీసి ఊపాను. చప్పుడు లేదు. చిక్కటి ఆయిల్ సంగతి ఇక ఎత్తను.

హన్మకొండ_హ్యాచ్‌బ్యాక్ · సెప్టెంబర్ 28, రాత్రి 9:55

చాలామంది మెసేజ్‌లో అడిగారు కాబట్టి రాస్తున్నాను. సీల్ వేశాక 1,700 కిలోమీటర్లు, అందులో మూడు హైదరాబాద్ ట్రిప్పులు. సద్దుల బతుకమ్మకు అమ్మాయిని నిన్న తీసుకొచ్చాను, రాత్రి కింద కొత్త అట్ట పెట్టాను. పొద్దున అట్ట మీద ఉన్నది ఒక్క తంగేడు పువ్వు, అది మా ఆవిడ బుట్టలోంచి రాలింది. ఆయిల్ లేదు. ఎయిర్ ఫిల్టర్ పొడి, ఈసారి బోల్టు లేకుండా. మూత కింద నురగ రాకుండా ఆదివారం ఆదివారం మడికొండ దాటి అరగంట నడిపి వస్తున్నాను.

యూ గొట్టం మళ్ళీ పెట్టి చూశాను, నీళ్ళు ఇంజిన్ వైపుకే.

షెడ్డు_తాత · సెప్టెంబర్ 28, రాత్రి 10:20

సంతోషం బాబూ. వచ్చే ఎండాకాలం పీసీవీ ఇంకోసారి తీసి ఊపు.

జనగామ_జీపు · సెప్టెంబర్ 28, రాత్రి 10:26

ఆ లెవెల్ పైపు ఒకసారి పంపుతారా అన్నా? జీపుకు పెట్టి చూస్తా. నీళ్ళు ఎక్కడిదాకా ఎగురుతాయో నాకూ చూడాలనుంది.

హన్మకొండ_హ్యాచ్‌బ్యాక్ · సెప్టెంబర్ 28, రాత్రి 10:31

అది మేస్త్రిదే, రెండు నెలల నుంచి అడుగుతున్నాడు. పసుపు మరక పోవడం లేదని ఇవ్వలేకపోతున్నాను. రేపు కొత్తది కొని ఇచ్చేస్తాను, ఇది మీరు తీసుకోండి.